మేల్కోటె వైరముడి: 1,500 గది 4,000 అయిన కథ

వైరముడి ఉత్సవం చూద్దామని కర్ణాటకలోని మేల్కోటె వెళ్లాం. ఫోన్‌లో 1,500 అన్న లాడ్జి గది, తీరా సామాను దించాక 4,000 అయింది. "ఉత్సవం రేటు వేరే మేడమ్, వద్దంటే ఖాళీ చేయండి" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. బెంగళూరులో పదేళ్లుగా ఉంటున్నదాన్ని, కన్నడంలోనే పోట్లాడాను. ఫలితం లేదు. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, బయట ఎండ. కట్టేశాం. ముందే పంపిన 500 అడ్వాన్సు తర్వాత తిరిగిస్తానన్నాడు.

గదిలో గీజరుకు ఎర్ర లైటు వెలుగుతుంది, నీళ్లు మాత్రం చల్లగానే వస్తాయి. బకెట్ ఉంది, మగ్గు లేదు. అడిగితే, సగానికి కోసిన వాటర్ బాటిల్ తెచ్చిచ్చాడు! దుప్పటి మీద ఎవరిదో కుంకుమ మరక. అత్తయ్య దాని మీద తన చీర పరుచుకుని కూర్చున్నారు. అంతే, రాత్రి దాకా నోరు విప్పలేదు. మా ఆయన టెన్షన్‌తో మూడు కాఫీలు తాగారు.

ఏడింటికే గుడి వీధిలో నిలబడ్డాం. వైరముడి అంటే వజ్రకిరీటం. ఏడాదంతా మండ్య ఖజానాలో ఉంటుంది, ఈ ఉత్సవానికి పోలీసు కాపలాతో వస్తుంది. దానికి ఎండ తగలకూడదట, అందుకే ఊరేగింపు రాత్రిపూట. చెలువనారాయణస్వామి గరుడ వాహనం మీద బయటికి రాగానే అత్తయ్య నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. "రామానుజులవారు నడిచిన వీధమ్మాయ్ ఇది. పన్నెండేళ్లు ఉన్నారట ఇక్కడ." లాడ్జి తర్వాత ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే. స్వామి పాదాల దగ్గర బీబీ నాచ్చియార్ ఉంటుందని, ఆవిడ ఢిల్లీ సుల్తాను కూతురని కథ చెబుతూనే ఉన్నారు. తోపులాటలో నా చెప్పు ఒకటి పోయింది, పోనీ.

పొద్దున్నే యోగనరసింహుడి కొండ ఎక్కాం. పైనుంచి కల్యాణి పుష్కరిణి, చుట్టూ మండపాలు బాగున్నాయి. కోతులతో జాగ్రత్త. సగంలో ఆగిపోయిన రాయగోపురం దగ్గర ఫొటోలు దిగాం.

అసలు సంగతి పులియోగరె. ప్లేటు 40 రూపాయలు, అరిటాకు ముక్కలో. మన పులిహోరలా పసుపు రంగు కాదు, ముదురు గోధుమ. నువ్వులు, మిరియాలు, బెల్లం తగిలిన చింతపండు గొజ్జు అన్నం మెతుకు మెతుక్కీ పట్టింది. "పులిహోరలో బెల్లమా!" అని మొహం చిట్లించిన మా గుంటూరు అత్తయ్య రెండో ప్లేటు అడిగి మరీ తిన్నారు. గొజ్జు అరకిలో 200 పెట్టి కొన్నాం. కిలో కొనాల్సింది.

వైరముడికి వెళ్లేవాళ్లు ఊళ్లో గది జోలికి పోకండి. మండ్యలోనో మైసూరులోనో దిగి, సాయంత్రానికి వచ్చి, రాత్రికి తిరిగి వెళ్లిపోండి. పెద్దవాళ్లుంటే మడత కుర్చీ తెచ్చుకోండి. మామూలు శనివారమైతే బెంగళూరు నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరొచ్చు.

ఆ 500 ఇంకా రాలేదు. మా ఆయన రోజూ ఫోన్ చేస్తున్నారు. రింగవుతుంది, ఎత్తడు.