స్టెరిలియం 500 మి.లీ. సీసా: సిస్టర్ల టేబుల్ మీద కాదు, మంచం పక్కన

ఆసుపత్రి వార్డుల్లో క్రిములు చావడానికి చేతులకు రుద్దుకునే ఈ ఆల్కహాల్ ద్రవం 1965లో జర్మనీలో మార్కెట్లోకి వచ్చింది. 100 గ్రాముల్లో 45 గ్రాముల 2-ప్రొపనాల్, 30 గ్రాముల 1-ప్రొపనాల్ (రెండూ ఆల్కహాల్ రకాలే), 0.2 గ్రాముల మెసెట్రోనియం ఇథైల్‌సల్ఫేట్ అనే క్రిమిసంహారిణి ఉంటాయి. జెల్ కాదు, నీళ్లలా పల్చన. అందుకే గోళ్ల సందుల్లోకి దిగుతుంది, జిగురు మిగలదు. అందుకే నేల మీదికీ కారుతుంది, దోసిలి పట్టాల్సిందే.

మందు పనితనానికి వంక లేదు. దెబ్బతినేది కొలతలో. ఒక్కసారికి 3 మి.లీ. తీసుకుని, 30 సెకన్లు చేతులు తడిగా ఉండేలా రుద్దాలి. కొత్త సీసా పెట్టగానే ఒక నొక్కుకు ఎంత వస్తుందో గీతలున్న మందు మూతలో పట్టి చూడండి. 1.5 మి.లీ.యే వస్తే రెండు నొక్కులు తప్పవు. రౌండ్లలో ఒక్క నొక్కు నొక్కి, అరచేతులు రాసేసుకుని తర్వాతి మంచానికి వెళ్లిపోతారు. బొటనవేళ్లు, వేలి కొసలు పొడిగానే ఉండిపోతాయి. కాన్యులాను (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) పట్టుకునేది మాత్రం వాటితోనే! ఉంగరం, వాచీ, మణికట్టు తాయెత్తు దారం ఉంటే వాటి కిందికి సరిగా చేరదు.

చేతులు పూర్తిగా ఆరకముందే గ్లౌజు తొడిగితే దురద, మంట. దాన్ని మందుకు అలర్జీ అనుకుని వాడకం మానేసేవాళ్లు ఎందరో. గ్లౌజు తీశాక కూడా రుద్దుకోవాలి, కనిపించని చిల్లుల్ని నమ్మలేం.

చేతికి రక్తమో మలమో అంటితే ఇది పనికిరాదు, సబ్బు నీళ్లే. సి. డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలు పట్టుకున్న పేషెంటు దగ్గర కూడా అంతే, దాని స్పోర్లు (గట్టి పెంకు కట్టుకున్న బీజాలు) ఆల్కహాల్‌కు చావవు.

స్టాండు మంచం కాళ్ల వైపు, చేయి చాపితే అందేంత దూరంలో బిగించండి. స్విచ్‌బోర్డు కింద వద్దు, ఇది మండే ద్రవం. పిల్లల వార్డులో అయితే సిస్టర్ల జేబులో 100 మి.లీ. సీసా మేలు.

లెక్క చూసుకుంటే 500 మి.లీ. సుమారు 165 సార్లకు వస్తుంది. ఐసీయూలో గంటకు ఎనిమిది సార్లు వాడితే ఒక్క రోజుకు కూడా సరిపోదు. అక్కడ ఒకే సీసా వారమంతా నిలిచిందంటే స్టోర్సు వాళ్లు సంతోషిస్తారేమో గానీ, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ ఆ మంచం దగ్గర నిలబడి చూడాలి. పాత సీసాలో కొత్త మందు మాత్రం కలపొద్దు. ఖాళీ అయితే సీసానే మార్చి, తెరిచిన తేదీ రాయండి.