ఆదోనికి ఏది మేలు: సర్కారు మెడికల్ కాలేజా, నర్సింగ్ హోమ్ వీధా, మందుల ఫ్యాక్టరీయా?

పెద్దాసుపత్రి వస్తే వైద్యం అందడమే కాదు, ఊరు కూడా పెరుగుతుందని అందరూ అంటారు. స్థలాల రేట్లు లేస్తాయి, ఆటోలు తిరుగుతాయి, హోటళ్లు నడుస్తాయి, పిల్లలకు ఏదో ఒక ఉద్యోగం దొరుకుతుంది. నిజమే, కాదనను. కానీ ఏ రకం ఆసుపత్రి వస్తే ఊరికి ఎంత ఒరుగుతుందో ఎవరూ అడగరు. సర్కారుదైనా ప్రైవేటుదైనా జనం వస్తారు కదా, రెండూ ఒకటే అనుకుంటాం. ఒకటి కాదన్నది నా వాదన.

ఆదోనినే తీసుకుందాం, ఎందుకంటే అక్కడ ఈ ప్రశ్న ఇప్పుడు నిజంగానే బల్ల మీద ఉంది. గత ప్రభుత్వం మొదలుపెట్టిన 17 మెడికల్ కాలేజీల్లో ఆదోనిది ఒకటి. 2025 సెప్టెంబరులో ఇప్పటి క్యాబినెట్ పీపీపీ పద్ధతిలో, అంటే సర్కారు, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టిద్దామని తేల్చిన పదింటిలోనూ అది ఉంది. ఎవరు మంచివాళ్లు, ఎవరు చెడ్డవాళ్లు అన్న గొడవలోకి నేను పోను, దానికి టీవీలున్నాయి.

ఆదోని అంటే పత్తి మార్కెట్. చుట్టూ కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద పల్లెలు. వానలు మొహం చాటేస్తే ఇక్కడి నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు మిరపకాయల కోతకు వలస పోతాయి. పెద్ద జబ్బు చేస్తే కర్నూలు పెద్దాసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు, లేదంటే బళ్లారి, రాయచూరు. ఇలాంటి ఊరికి ఏది మేలో తేల్చాలంటే నేను చూసే లెక్క ఒకటే: డబ్బు ఊళ్లోకి ఎక్కడి నుంచి వచ్చింది, ఊళ్లో ఎన్ని చేతులు మారింది, చివరికి ఎక్కడ తేలింది.

ముందు నర్సింగ్ హోమ్ వీధి. కౌతాళం పక్క పల్లెలో ఒక పత్తి రైతుకు జ్వరం తగ్గడం లేదనుకోండి. ఊళ్లో ఆర్ఎంపీ రెండు సెలైన్లు ఎక్కించి, ప్లేట్‌లెట్లు పడిపోయాయని చెప్పి తనకు తెలిసిన నర్సింగ్ హోమ్‌కు పంపాడు. ఐదు రోజులకు మందులు, టెస్టులు, రూమ్ అన్నీ కలిపి 60 వేలు అయ్యిందనుకుందాం. అందులో ఆర్ఎంపీ కట్ ఒకటి పోతుంది. (పెద్ద ఆసుపత్రులైతే ఈ పనికి ప్రత్యేకంగా పీఆర్వోలనే పెట్టుకుంటాయి, బైకు మీద పల్లెలు తిరగడమే వాళ్ల ఉద్యోగం.) మందుల డబ్బులో పెద్ద వాటా కంపెనీకి, స్టాకిస్టుకు. ల్యాబ్ మెషిన్ల వాయిదాలు బ్యాంకుకు. డాక్టరు గారి మిగులు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఫ్లాటవుతుంది. అందులో తప్పేమీ లేదు, ఆయన సంపాదన ఆయనిష్టం. ఆదోనిలో నిలిచేది నర్సులు, ఆయాల జీతాలు, బిల్డింగ్ అద్దె, ఎదురుగా ఉన్న టిఫిన్ బండి బేరం. ఆ జీతమెంతో ఎవరైనా నర్సును అడిగి చూడండి. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివిన పిల్లకు నైట్ డ్యూటీలతో కలిపి పన్నెండు వేలో, పదిహేను వేలో చెబుతుంది.

అసలు సంగతి అది కూడా కాదు. ఆ 60 వేలు కొత్తగా ఊళ్లోకి వచ్చిన డబ్బు కాదు. పత్తి అమ్మిన డబ్బో, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పో, ఇంటావిడ మెడలో గొలుసు తాకట్టు పెట్టి తెచ్చిందో. జ్వరం రాకపోతే అదే డబ్బు అదే ఆదోనిలో ఎరువుల షాపులో, బట్టల షాపులో, ఇంటి పైకప్పుకు సిమెంటు కింద ఖర్చయ్యేది. మనకు కొత్తగా లేచిన నాలుగంతస్తుల అద్దాల బిల్డింగ్ కనపడుతుంది, బేరం పోయిన బట్టల షాపు కనపడదు. దేశం మొత్తం మీద వైద్యం ఖర్చులో జనం సొంత జేబులోంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం ఉండేదని, 2021-22కి 39.4 శాతానికి తగ్గిందని జాతీయ ఆరోగ్య లెక్కలు చెబుతున్నాయి. తగ్గింది, సంతోషమే. అయినా నూరు రూపాయల్లో నలభై దాకా ఇంకా జేబులోంచే పోతున్నట్టు.

ఒక్క మాట మాత్రం ప్రైవేటు తరఫున ఒప్పుకోవాలి. బళ్లారి బస్సెక్కే రోగి ఆదోనిలోనే ఆగితే ఆ మేరకు డబ్బు బయటికి పోకుండా ఉంటుంది. పైగా వెంట వచ్చే ఇద్దరి కూలి పోదు, అక్కడ లాడ్జి ఖర్చు ఉండదు, గుండెపోటు లాంటిదైతే ప్రాణమే దక్కుతుంది. కాబట్టి నర్సింగ్ హోమ్ వీధి దండగ అని నేననడం లేదు. దాని వల్ల డబ్బు ఊళ్లో ఆగుతుందే గానీ కొత్తగా రాదు, ఆగేది కూడా కొంతే.

సర్కారు మెడికల్ కాలేజీ సంగతి వేరు. నేషనల్ మెడికల్ కమిషన్ 2023 నిబంధనల ప్రకారం వంద ఎంబీబీఎస్ సీట్ల కాలేజీకి 420 పడకల ఆసుపత్రి ఉండాలి. ప్రొఫెసర్లు, స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు, హౌస్ సర్జన్లు, వీళ్లందరి జీతాలూ స్టైపెండ్లూ రాష్ట్ర ఖజానా నుంచి వస్తాయి. అంటే ఆదోని బయటి నుంచి నెలనెలా కొత్త డబ్బు ఊళ్లోకి దిగుతుంది. పత్తి రేటు పడిపోయినా ఆ డబ్బు ఆగదు. అదే సమయంలో మన రైతు 60 వేలు అతని దగ్గరే ఉంటాయి, ఎరువుల షాపుకే పోతాయి. ఒకే ఆసుపత్రి వల్ల రెండు లాభాలు. నలుగురు ఎమ్మెల్యేలు తిరిగి తెచ్చే చిన్నాచితకా ఫ్యాక్టరీల కంటే ఇది ఎంతో నయం.

నమ్మకం లేకపోతే కర్నూలు చూడండి. 1953 నుంచి 1956 వరకు మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రానికి అది రాజధాని. రాజధాని హైదరాబాదుకు పోయింది. 1950లలోనే వచ్చిన మెడికల్ కాలేజీ మాత్రం కదల్లేదు. ఇవాళ కర్నూలు పెద్దాసుపత్రికి సొంత జిల్లా వాళ్లే కాదు, తుంగభద్ర దాటి అలంపూరు, గద్వాల వాళ్లూ, రాయచూరు, బళ్లారి పల్లెల వాళ్లూ వస్తారు. ఒకరోజు పొద్దున్నే గేటు ముందు నిలబడితే చాలు, ఊరు ఎలా బతుకుతోందో అర్థమవుతుంది. చాపలు, ప్లాస్టిక్ బకెట్లు, మగ్గులు, ఫ్లాస్కులు, పసిపిల్లల టవళ్లు, బ్రెడ్డు ప్యాకెట్లు, కొబ్బరి బోండాలు. రోగి లోపలికి పోతే వెంట వచ్చిన వాళ్లకు ఆ వారం పది రోజులకు కావలసినవన్నీ ఆ ఫుట్‌పాత్ మీదే ఉంటాయి. రెండు తెలుగు యాసలు, కన్నడం, ఉర్దూ కలిపి బేరాలాడుతుంటారు.

ఇంకో విషయం, ఇది చాలామంది తలకిందులుగా అనుకుంటారు. కర్నూలులో ఎన్.ఆర్.పేట నిండా ప్రైవేటు ఆసుపత్రులే కదా, సర్కారు లేకపోయినా వ్యాపారం పెరిగిందిగా అంటారు. ఎన్.ఆర్.పేట ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆ బోర్డుల మీద పేర్లు చదవండి, డిగ్రీ పక్కన ఏ కాలేజీయో చూడండి. అక్కడే చదివారు, అక్కడే హౌస్ సర్జన్సీ చేశారు, అక్కడే పెళ్లి చేసుకుని స్థిరపడ్డారు. 1946లో మెడికల్ కాలేజీ వచ్చింది కాబట్టే గుంటూరుకు ప్రైవేటు ఆసుపత్రుల కొత్తపేట ఉంది. ఆ కాలేజీలో చదివి అమెరికా పోయిన డాక్టర్లు మళ్లీ గుంటూరు పెద్దాసుపత్రికే డబ్బు పంపి బ్లాకులు కట్టించారు. విశాఖలోనూ వరస అదే: ముందు సర్కారు కాలేజీ, వెనకాలే ప్రైవేటు వీధి. అందుకే 'సర్కారా, ప్రైవేటా' అని రెంటినీ తక్కెడలో పెట్టడం కూడా పూర్తిగా సరికాదు. మొదటిది వస్తే రెండోది దానంతటదే వస్తుంది, రెండోది వస్తే మొదటిది రాదు.

అలాగని సర్కారు కాలేజీకి దండేసి దండం పెట్టేయనక్కర్లేదు. పెద్ద రోగం ఒకటుంది: అప్ అండ్ డౌన్ డాక్టర్లు. తెలంగాణలో 2022లో ఒకేరోజు ఎనిమిది, మరుసటి ఏడు తొమ్మిది కాలేజీలు మొదలయ్యాయి. అంత వేగంగా పెడితే ప్రొఫెసర్లు ఎక్కడి నుంచి వస్తారు? హైదరాబాదు నుంచి. పొద్దున రైల్లోనో కార్లోనో వచ్చి, మధ్యాహ్నం దాటగానే తిరుగు ప్రయాణం. ముఖం చూపిస్తేగానీ హాజరు పడని పద్ధతి కూడా పెట్టారు, దాంతో మనిషి వస్తాడు, కాపురం రాదు. కాపురం రాకపోతే ఆ జీతం ఊళ్లో ఒక ఇంటద్దె కాదు, ఒక పాల ప్యాకెట్ కాదు. ఖజానా డబ్బు ఊరిమీదుగా పోతుందంతే. రెండో రోగం అవుట్‌సోర్సింగ్. శానిటేషన్, సెక్యూరిటీ, పేషెంట్ కేర్ అంతా ఏజెన్సీల చేతిలో, జీతం రెండు మూడు నెలలు ఆలస్యం కావడం మామూలైపోయింది. ఊరివాళ్లకు దొరికేవి సరిగ్గా ఆ ఉద్యోగాలే. మూడోది చెడిపోయిన మెషిన్. లోపల సీటీ స్కాన్ పనిచేయకపోతే చీటీ బయటి స్కానింగ్ సెంటర్‌కు రాస్తారు, ఉచిత వైద్యం అక్కడితో సగమైపోతుంది.

మరి ఆరోగ్యశ్రీ ఉంది కదా, ప్రైవేటులోకి కూడా సర్కారు డబ్బు వస్తుంది కదా అనొచ్చు. మంచి ప్రశ్న. 2007లో పథకం మొదలైనప్పటి నుంచి ఈ లెక్క కొంత మారింది, రైతు జేబులోంచి పోయేది ఖజానా నుంచి పోతోంది. కానీ ఆ డబ్బు నెట్‌వర్క్ ఆసుపత్రి (పథకంలో చేరిన ఆసుపత్రి) ఎక్కడుంటే అక్కడికే పోతుంది. పెద్ద ప్యాకేజీలు, అంటే గుండె, కిడ్నీ, క్యాన్సర్, అన్నీ పెద్ద నగరాలవే. ఆదోని రోగి పేరు మీద విడుదలైన డబ్బు హైదరాబాదులోనో కర్నూలులోనో ఖర్చవుతుంది. పైగా నమ్మకం తక్కువ: 2025లో సెప్టెంబరులో తెలంగాణలో, అక్టోబరులో ఆంధ్రలో బకాయిలు ఇవ్వలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. పెద్ద ఆసుపత్రులు ఎలాగో తట్టుకుంటాయి, నర్సుకు ఆ నెల జీతం పడదు.

బయటి డబ్బు తేవడంలో అందరికంటే మొనగాడు ఏదంటే వేలూరు. మన చిత్తూరుకు గంట దూరం. 1900లో అమెరికా డాక్టరు ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యం ఇవాళ సీఎంసీ, అంటే క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి. బెంగాల్, జార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాలు, బంగ్లాదేశ్ నుంచి కాట్పాడి స్టేషన్లో దిగుతారు. ఆసుపత్రి చుట్టుపక్కల సందుల్లో బోర్డులు బెంగాలీలో, హిందీలో ఉంటాయి, లాడ్జిల్లో వంటగదులు ఇస్తారు, చేపల కూర భోజనం దొరుకుతుంది. అదీ అసలైన బయటి డబ్బు, అరవై రూపాయల భోజనం నుంచి ఆపరేషన్ ఖర్చు దాకా వేరే రాష్ట్రం నుంచి వచ్చిందే. కానీ దాని వెనక నూరేళ్లకు పైబడిన పేరుంది, లాభాల కోసం పెట్టింది కాదు. 'మా ఊరిని మెడికల్ హబ్ చేస్తాం' అనే నాయకులందరూ వేలూరునే చూపిస్తారు, ఆ నూరేళ్ల సంగతి మాత్రం ఎత్తరు.

మందుల ఫ్యాక్టరీల మాట త్వరగా ముగిస్తాను. ఎగుమతి డబ్బు తెచ్చే శక్తి దీనికున్నంత వేరే దేనికీ లేదు. 1961లో ఏర్పడిన సర్కారు మందుల కంపెనీ ఐడీపీఎల్ హైదరాబాదులో ప్లాంటు పెట్టకపోతే, అందులో పనిచేసిన డాక్టర్ రెడ్డీస్ అంజిరెడ్డి గారిలాంటి వాళ్లు బయటికొచ్చి కంపెనీలు పెట్టకపోతే, ఇవాళ్టి ఫార్మా హైదరాబాదు లేదు. ఇక్కడా మొదటి విత్తనం సర్కారుదే, గమనించండి. కానీ పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ చెరువులూ నక్కవాగూ ఏమయ్యాయో ఆ ఊళ్ల రైతులు సుప్రీంకోర్టు దాకా వెళ్లి చెప్పారు. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో 17 మంది, 2025 జూన్‌లో పాశమైలారంలో యాభై మందికి పైగా కార్మికులు పేలుళ్లలో పోయారు. వాళ్లలో చాలామంది పొట్ట చేతపట్టుకుని బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. తాగే నీళ్లకే కటకటలాడే ఆదోని ప్రాంతానికి నీళ్లు విపరీతంగా తాగే బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లు ఎవరైనా తెస్తామంటే నేనైతే వద్దంటాను.

ఇక పీపీపీ. భూమి సర్కారుది, నడిపేది ప్రైవేటు. ఆదోనికి వచ్చేసరికి ప్రశ్న చాలా చిన్నది: ఆ ఆసుపత్రి జీతాలు ఖజానా నుంచి వస్తాయా, లేక రోగులు, విద్యార్థుల ఫీజుల నుంచి వస్తాయా? రెండోదైతే అది పైన చెప్పిన నర్సింగ్ హోమ్ వీధికి పెద్దన్న, మెడికల్ కాలేజీ అని బోర్డు ఉన్నా సరే. విద్యార్థుల ఫీజు బయటి ఊళ్ల నుంచి వస్తుందిగా అంటే అవును, వస్తుంది, కానీ అది యాజమాన్యం ఖాతా ఉన్న ఊరికి పోతుంది. ఎన్నేళ్లయినా కట్టలేక మొండిగోడలు మిగలడం కంటే పీపీపీ నయం అనేవాళ్లున్నారు. ఖజానా దగ్గర డబ్బు లేదన్నది నిజమైతే అది కొట్టిపారేసే మాట కాదు. అలాంటప్పుడు ఆదోని వాళ్లు పట్టుపట్టాల్సింది బోర్డు మీద ఎవరి పేరుందన్న దాని గురించి కాదు, ఎన్ని పడకలు పూర్తి ఉచితం, నర్సుకు కనీసం ఎంత జీతం, స్థానికులకు ఎన్ని ఉద్యోగాలు, ఇవి ఒప్పందంలో రాసి ఉన్నాయా లేదా అన్న దాని గురించి.

నా ఓటు సర్కారు కాలేజీకే, కాకపోతే ఒక షరతు మీద. శంకుస్థాపన రోజున నాయకులు అకడమిక్ బ్లాక్ నమూనా బొమ్మ ముందు నిలబడి ఫొటో దిగుతారు, అందులో స్టాఫ్ క్వార్టర్లు ఎక్కడున్నాయో ముందు చూడండి. చాలా చోట్ల అవి చివరి దశకు నెట్టేస్తారు. ఆదోనిలో ఎందుకు ఉండరని ఏ ప్రొఫెసరును అడిగినా జీతం మాట ఎత్తడు, పిల్లల బడి గురించి చెబుతాడు. క్వార్టర్లు ముందు కట్టి, పక్కనే ఒక కేంద్రీయ విద్యాలయం కూడా తేగలిగితే అప్పుడు కాపురాలొస్తాయి, జీతాలు ఆదోనిలోనే ఖర్చవుతాయి.