టెక్సాస్ పీఈ లైసెన్స్: డిగ్రీ ఎవాల్యుయేషన్ నుంచి సీల్ చేతికొచ్చే దాకా నా రివ్యూ

మాది భీమవరం. బీటెక్ అక్కడే చేశాను, ఎం.ఎస్. అమెరికాలో. హ్యూస్టన్‌లో ఒక చిన్న కన్సల్టింగ్ కంపెనీలో వాననీటి డ్రైనేజీ డిజైన్ చేస్తాను. ఈ మధ్యే టెక్సాస్ ప్రొఫెషనల్ ఇంజినీర్ (పీఈ) లైసెన్స్ వచ్చింది. వచ్చిన దగ్గర నుంచి జూనియర్లు ఫోన్లు చేసి అడుగుతున్నారు: "అక్కా, పరీక్ష కష్టమా? ఏ కోచింగ్ తీసుకున్నారు?" నిజానికి పరీక్ష మీద అంత భయం అక్కర్లేదు. అసలు శ్రమంతా పని అనుభవం రాసి ఇచ్చే కాగితాల్లో ఉంది. ఈ రివ్యూలో ఎక్కువ భాగం దానికే ఇస్తాను.

ముందు ఇంట్లో అడిగిన ప్రశ్నకు జవాబు. "ఉద్యోగం చేస్తూనే ఉన్నావు కదమ్మా, మళ్ళీ ఈ లైసెన్స్ ఏంటి?" అన్నారు నాన్నగారు. ఆయన అడగడంలో తప్పేమీ లేదు. మన దేశంలో డాక్టరుకి, లాయరుకి చట్టప్రకారం రిజిస్ట్రేషన్ ఉంది, ఆర్కిటెక్టులకు 1972 నాటి చట్టం ఉంది. ఇంజినీర్లకు మాత్రం దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టం లేదు. మున్సిపాలిటీల్లో ప్లాన్లు గీసి సంతకం పెట్టే ఎల్‌టీపీ లైసెన్సులు ఉన్నా అవి ఆ పనికే పరిమితం. ఇక్కడ రోడ్డు, కాలువ, భవనం డ్రాయింగుల మీద పీఈ సీలు, సంతకం, తేదీ పడాలి. ఇలాంటి పనుల్లో లైసెన్స్ లేని ఇంజినీరు ఎన్నేళ్లు పనిచేసినా పీఈ పర్యవేక్షణలోనే చేయాలి.

టెక్సాస్‌లో ఈ చట్టం ఎందుకు వచ్చిందో తెలుసుకున్నాక నాకు దీని మీద గౌరవం పెరిగింది. 1937 మార్చి 18న తూర్పు టెక్సాస్‌లోని న్యూ లండన్ అనే ఊళ్ళో బడి పేలిపోయింది. ఖర్చు తగ్గుతుందని చమురు బావుల దగ్గర మిగిలే గ్యాస్‌ని పైపు వేసుకుని బడికి వాడుకుంటున్నారు. ఆ గ్యాస్‌కి వాసన లేదు. లీకై నేల కింది ఖాళీలో చేరినా ఎవరికీ తెలియలేదు. దాదాపు 300 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. ఆ ఏడాదే టెక్సాస్ శాసనసభ ఇంజినీర్ల రిజిస్ట్రేషన్ చట్టం చేసింది. గ్యాస్‌కి వాసన కలపాలన్న నియమం కూడా ఆ ప్రమాదం తర్వాతే వచ్చింది. అప్లికేషన్ ఫారాలతో విసుగొచ్చినప్పుడల్లా ఈ సంగతి గుర్తు తెచ్చుకునేదాన్ని.

ఇక మొదటి మెట్టు, డిగ్రీ ఎవాల్యుయేషన్. అమెరికా బయట చదివిన డిగ్రీని ఇక్కడి ప్రమాణంతో పోల్చి చూపించాలి. నేను ఎన్‌సీఈఈఎస్ వాళ్ల సర్వీసు వాడాను. లైసెన్సుకి రాయాల్సిన రెండు పరీక్షలు, ఎఫ్‌ఈ, పీఈ, పెట్టేదీ ఈ సంస్థే. గణితం, బేసిక్ సైన్సులు కలిపి కనీసం 32 క్రెడిట్లు, ఇంజినీరింగ్ సబ్జెక్టులు 48 క్రెడిట్లు ఉన్నాయా అని లెక్క చూస్తారు. మన బీటెక్‌లో ఇంజినీరింగ్ సబ్జెక్టులకు కొదవ ఉండదు. మొదటి రెండేళ్ల మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎంత చదివామో మాత్రం కాగితం మీద స్పష్టంగా కనపడాలి. ఇంటర్‌లో ఎంత గట్టిగా చదివినా అది ఈ లెక్కలోకి రాదు.

వాళ్ల వెబ్‌సైటు బాగుంది. ఏ కాగితం అందింది, ఏది రావాలి అన్నది ఎవరికీ ఫోన్ చేయక్కర్లేకుండా మన అకౌంట్లోనే తెలుస్తుంది. ఇబ్బంది వచ్చింది మన వైపు నుంచి. మార్కుల ట్రాన్‌స్క్రిప్టు యూనివర్సిటీ నుంచి నేరుగా వెళ్ళాలి, మన చేతుల మీదుగా వెళితే ఒప్పుకోరు. ప్రతి సబ్జెక్టుకీ సిలబస్ వివరం కూడా కావాలి. నేను చదివిన రెగ్యులేషన్ మారిపోయింది, పాత సిలబస్ పుస్తకం ఎక్కడుందో మా యూనివర్సిటీ ఎగ్జామ్ సెక్షన్‌లో ఎవరూ చెప్పలేకపోయారు. నాన్నగారు ఎండలో ఆ కౌంటర్ల చుట్టూ తిరిగారు. చివరికి మా డిపార్ట్‌మెంట్ మేడమ్ ఒకరు తన బీరువాలోంచి పాత కాపీ తీసి ఇచ్చారు. ఆవిడ మేలు నేను మరిచిపోను. ఇప్పుడు బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు, అమెరికా వెళ్ళే ఆలోచన ఉన్నా లేకపోయినా, నాలుగేళ్ల సిలబస్ పూర్తి పీడీఎఫ్ దాచుకోండి. ట్రాన్‌స్క్రిప్టులు ఎలా పంపిస్తారో కూడా కాలేజీ వదిలే ముందే అడిగి తెలుసుకోండి.

ఎఫ్‌ఈ (ఫండమెంటల్స్ ఆఫ్ ఇంజినీరింగ్) అనే మొదటి పరీక్ష గురించి రెండు ముక్కలు చాలు. 110 ప్రశ్నలు, 5 గంటల 20 నిమిషాలు, ఫీజు 225 డాలర్లు. ఏడాది పొడవునా పియర్సన్ వ్యూ సెంటర్లలో కంప్యూటర్ మీద రాయవచ్చు. గేట్‌కి చదివినవాళ్లకు సబ్జెక్టు కొత్తగా ఉండదు, యూనిట్లే తిప్పలు పెడతాయి. అడుగులు, పౌండ్లు, ఎకరాలతో చేయి తిరిగేదాకా లెక్కలు చేయండి. ఇంకో సంతోషం, మనం బీటెక్‌లో నాలుగేళ్లూ వాడిన క్యాసియో ఎఫ్‌ఎక్స్-991 వాళ్లు అనుమతించే కాలిక్యులేటర్ల జాబితాలో ఉంది. కొత్తది కొనే పనిలేదు. నేను భీమవరం నుంచి తెచ్చుకున్న దానితోనే రెండు పరీక్షలూ రాశాను.

రెండోది పీఈ పరీక్ష. అందులో సివిల్‌కి ఐదు విభాగాలు ఉన్నాయి. నాది వాటర్ రిసోర్సెస్ అండ్ ఎన్విరాన్‌మెంటల్. 80 ప్రశ్నలకు 8 గంటలు, మధ్యలో 50 నిమిషాల విరామం. ఫీజు 400 డాలర్లు. పెన్సిల్‌తో రాసిన రోజుల్లో పుస్తకాలు సూట్‌కేసుల్లో తీసుకెళ్లేవారని మా ఆఫీసు పెద్దలు చెబుతారు. 2022 నుంచి అంతా కంప్యూటరే. స్క్రీన్ మీద రిఫరెన్స్ హ్యాండ్‌బుక్ ఉంటుంది, మన పుస్తకాలు లోపలికి రానివ్వరు. ఆ హ్యాండ్‌బుక్ పీడీఎఫ్ ముందే ఉచితంగా దొరుకుతుంది. చదువుకున్నన్నాళ్లూ ఫార్ములాలు అందులోనే వెతుక్కున్నాను. కాలువలో నీటి వేగం లెక్కగట్టే మానింగ్ ఫార్ములా ఏ అధ్యాయంలో ఉందో, ఏ మాట కొడితే త్వరగా దొరుకుతుందో వేళ్లకు అలవాటైపోవాలి. ఈ పరీక్ష విషయంలో నేను ఇవ్వగలిగిన సలహా ఇదొక్కటే.

కోచింగ్ విషయానికొస్తే, నేను డబ్బు కట్టిన ఆన్‌లైన్ కోర్సు నచ్చలేదు. 2024 ఏప్రిల్‌లో సిలబస్ మారింది. అంతకుముందు పొద్దున పూట అన్ని విభాగాలకూ ఉమ్మడి ప్రశ్నలు వచ్చేవి, ఇప్పుడు పరీక్ష మొత్తం మన విభాగం చుట్టూనే ఉంటుంది. నేను చేరింది ఆ మార్పు తర్వాత. అయినా ఆ కోర్సులో కాంక్రీటు, రోడ్డు వంపుల పాఠాలు పాతవే ఉన్నాయి, నాకు కావాల్సిన భూగర్భ జలాలు, నీటిశుద్ధి మాత్రం పైపైన తేల్చేశారు. డబ్బు కట్టేముందు వాళ్ల పాఠాల జాబితాను ఎన్‌సీఈఈఎస్ ఇచ్చే సిలబస్ పక్కన పెట్టి చూసుకోండి. ఎన్‌సీఈఈఎస్ అమ్మే ప్రాక్టీస్ పరీక్ష మాత్రం కొని తీరాలి. ప్రశ్నల తీరు అచ్చం అలాగే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. లైసెన్స్ ఇచ్చే టెక్సాస్ బోర్డుకి మన పని అనుభవం వివరంగా రాసి ఇవ్వాలి. దాన్ని ఎస్‌ఈఆర్ (సప్లిమెంటరీ ఎక్స్‌పీరియన్స్ రికార్డ్) అంటారు. ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఏబెట్ అనే సంస్థ గుర్తించిన డిగ్రీ అయితే కనీసం 4 ఏళ్లు, లేకపోతే 8 ఏళ్లు అనుభవం చూపించాలి. మన పని ఎరిగిన ముగ్గురు పీఈలు రెఫరెన్స్ ఇవ్వాలి. ఎస్‌ఈఆర్‌లో ఏ భాగం ఏ పీఈకి తెలుసో, ఆయన అది చదివి సరేనని సంతకం పెట్టాలి.

ఇది రెజ్యూమే రాసినట్టు రాస్తే కుదరదు. "200 ఎకరాల ప్రాజెక్టులో పనిచేశాను, హెక్-రాస్ సాఫ్ట్‌వేర్ వాడాను" అంటే ప్రాజెక్టు గురించి తెలుస్తుంది, మన గురించి ఏమీ తెలియదు. మా బాస్ నా చేత రాయించిన పద్ధతి చెబుతాను. ప్రతి ప్రాజెక్టుకీ ఆయన అవే ప్రశ్నలు అడిగేవారు: నీ ముందు ఏ దారులున్నాయి? ఏది ఎంచుకున్నావు? ఏ లెక్క చూసి? అది తప్పైతే నీళ్లు ఎవరి ఇంట్లోకి వెళ్లేవి?

ఒక అపార్ట్‌మెంట్ స్థలానికి నేను చేసిన డిటెన్షన్ పాండ్‌నే (వాననీటిని ఆపి మెల్లగా వదిలే చెరువు) తీసుకోండి. కట్టడం వచ్చాక కాలువలోకి వెళ్ళే నీటి ఉద్ధృతి, ఖాళీ నేలగా ఉన్నప్పటి కంటే పెరగకూడదు. అంతలో 2018 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నోవా కొత్త వాన లెక్కలు, అట్లాస్ 14, ఇచ్చింది. హ్యూస్టన్ దగ్గర వందేళ్లకోసారి వచ్చేదని లెక్కగట్టే 24 గంటల వాన 13 అంగుళాల నుంచి 18 అంగుళాలకు పెరిగింది. మా స్థలం పాత ప్లాను పాత లెక్కలతో ఉంది. చెరువు లోతు పెంచాలా, వెడల్పు పెంచాలా, బయటికి వెళ్ళే పైపు సన్నం చేయాలా? లోతు పెంచితే భూగర్భ నీరు అడ్డొస్తుంది. పైపు మరీ సన్నమైతే చెత్త అడ్డుపడుతుంది, చెరువు ఖాళీ కావడానికీ ఎక్కువసేపు పడుతుంది. వెడల్పు పెంచితే ఓనరుకి కొన్ని పార్కింగ్ స్థలాలు పోతాయి. నేను వెడల్పు వైపు మొగ్గాను. ఎందుకో హెక్-హెచ్‌ఎంఎస్ అనే సాఫ్ట్‌వేర్ లెక్కలతో చూపించాను, ఓనరుతో జరిగిన మీటింగులో నేనే నిలబడి చెప్పాను. ఎస్‌ఈఆర్‌లో రాసింది ఇదే, ఈ వరసలోనే.

మన పెంపకంలో "నేను చేశాను" అని గట్టిగా చెప్పడం గొప్పలు పోవడంగా అనిపిస్తుంది. టీమ్ పేరు, సార్ల పేరు ముందు పెడతాం. ఈ కాగితంలో ఆ మొహమాటం పనికిరాదు. నిర్ణయం ఎవరిదో బోర్డుకి తెలియాలి, ఎందుకంటే రేపు సీలు వేసేది ఒక్క మనిషి. ఆ రాత నాకు చాలా మేలు చేసింది. అప్పటిదాకా సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జవాబులుగా అనిపించినవి నా నిర్ణయాలుగా కనిపించాయి. మా ఊరి యనమదుర్రు డ్రెయిన్ పక్కన పెరిగినదాన్ని. కాలువ పొంగితే వీధిలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఆ తెలివిడి ఈ ఉద్యోగంలో ఎక్కడ పనికొస్తోందో అది రాస్తున్నప్పుడే అర్థమైంది.

అందుకే ఉద్యోగంలో చేరిన మొదటి నెల నుంచీ రాసుకోండి. ప్రాజెక్టు పేరు, తేదీలు, మీరు తీసుకున్న నిర్ణయం, ఎవరు చూశారు. నాలుగేళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని రాయడం కష్టం, అప్పటికి ఆ పీఈ వేరే కంపెనీకి వెళ్ళిపోయి ఉండవచ్చు కూడా. రెఫరెన్సులు సొంత ఆఫీసు వాళ్లే కానక్కర్లేదు. మా ఆఫీసులో నా పని దగ్గరగా చూసిన పీఈలు ఇద్దరే. మూడో రెఫరెన్స్, మా ప్లాన్లు రివ్యూ చేసి కామెంట్లు పంపే ఇంజినీరు ఇచ్చారు. "నీ జవాబులు చదివాను కదా, తప్పకుండా ఇస్తాను" అన్నారాయన.

మిగతావి చిన్న పనులు. వేలిముద్రలు ఇవ్వాలి, వాటితో నేర చరిత్ర తనిఖీ చేస్తారు. టెక్సాస్ చట్టం, నియమాల మీద ఆన్‌లైన్‌లో ఎథిక్స్ పరీక్ష ఉంటుంది. పుస్తకం చూసి రాయవచ్చు, కానీ వట్టి లాంఛనం అనుకుని క్లిక్ చేసుకుంటూ పోకండి. ఎదుటివాళ్ల డ్రాయింగు మీద సీలు వేయవచ్చా, క్లయింటు ఒత్తిడి చేస్తే ఏం చేయాలి అన్నవి రేపు మన బల్ల మీదికి వచ్చేవే.

లైసెన్స్ వచ్చాక ఏటా రెన్యువల్ ఉంటుంది. ఏడాదికి 15 గంటల శిక్షణ చూపించాలి, అందులో కనీసం ఒక గంట ఎథిక్స్. ఇతర రాష్ట్రాల్లో పనులు వచ్చే అవకాశం ఉన్నవాళ్లు ట్రాన్‌స్క్రిప్టులు, పరీక్ష ఫలితాలు, రెఫరెన్సులు అన్నీ ఎన్‌సీఈఈఎస్ రికార్డులో పెట్టుకుంటే మంచిది, అక్కడి నుంచే వేరే రాష్ట్రాల బోర్డులకు పంపిస్తారు. నేను ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాను. లూసియానాలో మా కంపెనీకి ఒక డ్రైనేజీ పని రాబోతోంది. ఈసారి సిలబస్ కాపీ కోసం నాన్నగారు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు.