సున్నుండల దొంగను పట్టే ఆట: వేలిముద్రా, సిరానా, అడుగుజాడా?

వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింట్లో పిల్లలంతా చేరితే రెండు మూడు రోజులు బాగానే గడుస్తాయి, ఆ తర్వాత ఫోన్ కోసం కొట్లాట మొదలవుతుంది. అప్పుడు అల్మారాలోని సున్నుండల డబ్బా సగం ఖాళీ చేసి, "దొంగ ఇంట్లోనే ఉన్నాడు, పట్టుకోండి చూద్దాం" అని ఒక్క మాట వదిలితే చాలు, సాయంత్రం దాకా ఫోన్ ఎవరికీ గుర్తుండదు. చిక్కల్లా ఏ ఆధారం వదలాలి అన్నదగ్గరే. చాలామంది సినిమాల పుణ్యమా అని వేలిముద్రలతో మొదలుపెడతారు. నా ఓటు మాత్రం అడుగుజాడలకే.

దానికంటే ముందు ఒక మాట: దొంగ పెద్దవాళ్లలో ఒకరై ఉండాలి. పిల్లల్లో ఒకణ్ని దొంగని చేస్తే, ఆటే అని ఎంత చెప్పినా, పట్టుబడ్డాక వాడు ఏడుస్తాడు, మిగతావాళ్లు సెలవులయ్యే దాకా వాణ్ని ఆ పేరుతోనే పిలుస్తారు. తాతయ్యనో బాబాయినో ఒప్పించండి, వాళ్లు నటించడంలో ఎవరికీ తీసిపోరు.

వేలిముద్రకి మోజు ఎక్కువే, కథలూ ఎక్కువే. ప్రపంచంలో మొదటి వేలిముద్రల బ్యూరో 1897లో కలకత్తాలోనే పెట్టారు. ముద్రల్ని వర్గాలుగా విడదీసే లెక్క వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మన పోలీసు ఉద్యోగుల కష్టం ఉంది, పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి పోయింది (ఆఫీసుల్లో ఇప్పటికీ అంతేగా). జల్పాయిగురి టీ తోట మేనేజర్ హత్య కేసులో ఒక బెంగాలీ పంచాంగం మీద పడ్డ ముద్రతో పాత నౌకరు దొరికాడు, కానీ 1898లో కోర్టు దొంగతనం నేరమే ఖాయం చేసింది, హత్య రుజువు కాలేదు. ఇది చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. తీరా ఆటలోకి దిగితే మాత్రం నీరసం. పెన్సిల్ ములుకు గీకిన పొడి, మెత్తటి బ్రష్, సెల్లో టేపు ఉంటే ముద్ర లేపొచ్చు, నిజమే, కానీ సున్నుండ పట్టుకున్న చెయ్యి నెయ్యి చెయ్యి, స్టీలు డబ్బా మీద గీతలన్నీ అలుక్కుపోయి జిడ్డు మరక ఒక్కటే మిగులుతుంది. ఒకవేళ మంచి ముద్రే దొరికినా, మనుషుల వేళ్లలో సగానికి పైగా శంఖాలే (గీతలు వంపు తిరిగి వచ్చిన వైపే పోయేవి), చక్రాలు (గుండ్రంగా చుట్టుకున్నవి) తక్కువ, కాబట్టి "శంఖం ఉంది" అన్నంత మాత్రాన ఎవరూ తేలరు, లోపలి గీతలు ఎక్కడ చీలాయో భూతద్దంతో పోల్చాలి. ఎనిమిదేళ్ల పిల్లలకి అంత ఓపిక ఎక్కడిది? చివరికి అందరూ మీ మొహమే చూస్తారు, మీరు చెప్పిందే తీర్పు.

సిరా పద్ధతి ఇంతకంటే నయం. దొంగ "సున్నుండలు బాగున్నాయి, బెల్లం కాస్త తగ్గింది" అని నల్ల స్కెచ్ పెన్నుతో చీటీ రాసి పోతాడు. ఇంట్లో ఉన్న నల్ల స్కెచ్ పెన్నులన్నిటితో తలా ఒక సుద్దముక్క మీద, అడుగుకి కొంచెం పైన, చుట్టూ గీత గీసి, గీతకి తగలనంత నీళ్లున్న పళ్లెంలో నిలబెడితే రంగు పైకి పాకుతూ విడిపోతుంది, ఒకదాంట్లో నీలం, గులాబీ, మరోదాంట్లో పసుపు. చీటీలోంచి కత్తిరించిన ముక్క అంచునీ అలాగే తడిపి పోల్చుకోవాలి. కంపెనీలు వేరైతే తేడా తెలుస్తుంది, అన్నీ ఒకే పెట్టెలోవైతే ఆట పోయినట్టే. బాల్ పెన్ను వద్దు, ఆ సిరా నీళ్లకి కదలదు.

ఇక అడుగుజాడ. కడప నాపరాళ్ల గచ్చు అయితే అల్మారా ముందు బియ్యప్పిండి పల్చగా జల్లాలి, తెల్ల టైల్స్ అయితే రాగిపిండి. రాత్రి అందరూ పడుకున్నాక దొంగ చెప్పుల్లేకుండా ఒక్కసారి నడిచి వెళ్తాడు. తెల్లారేసరికి పాదం స్పష్టంగా పడి ఉంటుంది, టేపు తెచ్చి మడమ నుంచి వేలి కొస దాకా కొలవడమే. మనిషి పాదం ఎత్తులో ఇంచుమించు 15 శాతం ఉంటుంది, కాబట్టి 25.5 సెంటీమీటర్లు వచ్చిందంటే దొంగ ఎత్తు 170 దగ్గర. అంటే అమ్మమ్మ కాదు, పిల్లలు అసలే కాదు. అసలు సరదా ఇక్కడ మొదలవుతుంది: ఇంట్లో ప్రతి మనిషినీ గోడకి నిలబెట్టి కొలుస్తారు, పిన్ని "నా పాదాల జోలికి రావద్దు" అంటే అనుమానం ఆమె మీదకి పోతుంది, నాలుగేళ్ల బుడ్డోడు కూడా టేపు చివర పట్టుకుంటాడు, పెద్దది భాగహారం చేస్తుంది. ఈ లెక్క ఉజ్జాయింపే, కొన్ని సెంటీమీటర్లు అటూ ఇటూ అవుతుంది, అందుకే తాతయ్య, బాబాయి ఇద్దరూ మిగిలిపోతారు. అప్పుడు బొటనవేలి పక్క వేలు చూడాలి, కొందరికి అది బొటనవేలి కంటే పొడుగు. బాబాయి కాలు దాచుకున్నాడంటే కేసు క్లోజ్. మీరు తీర్పు చెప్పక్కర్లేదు, పిండిలో ఉన్నది వాళ్లే చూస్తారు.

ఆట అయిన వెంటనే తుడిచేయండి, లేకపోతే చీమలు. అపార్ట్‌మెంట్‌లో ఇద్దరే పిల్లలుంటే, పాదాలు కొలవడానికి మనుషులే లేకపోతే, అప్పుడు సిరా చీటీకే పోవాలి. పెన్నులు మాత్రం వేర్వేరు షాపుల్లో కొనండి.