పెరట్లో ఏది మేలు: వేపా, మునగా, ఉసిరా?

ఔషధ గుణాలున్న చెట్టు అనగానే అందరికీ ముందు వేపే గుర్తొస్తుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షం, ఉగాది పచ్చడికి పువ్వునిచ్చే చెట్టు. ఆ మమకారం నాకూ ఉంది. అయినా ఇంటి గోడకు 10 అడుగుల దూరంలో వేప వద్దంటాను. 40, 50 అడుగులు ఎదిగి, కొమ్మలు నలువైపులా చాచే చెట్టును ఏటా నరికి పొట్టిగా ఉంచితే పువ్వూ దక్కదు, నీడా దక్కదు. వీధి అంచునో, పొలం గట్టునో వేయండి. గింజకు మొలకెత్తే శక్తి కొద్ది వారాలే ఉంటుంది, పండు రాలగానే నాటాలి. మరో మాట: పసిపిల్లలకు వేపనూనె తాగించకండి, ప్రాణం మీదికి వస్తుంది.

మునగ చిన్న పెరటికి సరిగ్గా సరిపోతుంది. తమిళనాడులోని పెరియకుళంలో రూపొందిన పీకేఎం-1 రకం గింజ నాటిన 6 నెలలకే కాపుకొస్తుంది. మొక్క మూడడుగులకు చేరగానే తల తుంచితే పక్క కొమ్మలు వేసి, ఆకు చేతికందుతుంది. ఆషాఢంలో మునగాకు తినడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. ఇబ్బందల్లా వానాకాలంలో కాండానికి గుంపులుగా పట్టే గొంగళి పురుగులు, నీరు నిలిస్తే కుళ్లే వేరు.

ఇక ఉసిరి. కార్తీకంలో దాని కింద భోంచేస్తాం కానీ, ఇంట్లో వేసినవారు చాలామంది ‘చెట్టు పెరిగింది, కాయ లేదు’ అని బాధపడతారు. కారణం తరచుగా ఒక్కటే: ఒంటరి చెట్టు. చాలా ఉసిరి రకాలకు తమ పుప్పొడి తమకు సరిగా పనికిరాదు. ఎన్‌ఏ-7 అనే రకం పక్కన కృష్ణ, కాంచన్‌ లాంటి మరో రకం ఉండాలి. గింజ మొక్కకు ఏడెనిమిదేళ్లు పట్టవచ్చు, అంటు మొక్క మూడు నాలుగేళ్లలో మొదలుపెడుతుంది. వసంతంలో పూత రాలాక పిందె కంటికి ఆనదు, వేసవంతా కదలదు. అది చూసి చెట్టు గొడ్డుదని నరకకండి. వానలు పడ్డాక చూడండి, రెమ్మ వెంట ఆవగింజల్లా ఉన్నవే కాయలై ఊరతాయి.

చోటు ఒక్క చెట్టుకే ఉంటే నా ఓటు మునగకే, ఎందుకంటే దాని ఆకు వారానికి రెండుసార్లైనా కంచంలోకి వస్తుంది. కాస్త చోటుంటే ఉసిరి కూడా వేయండి. పక్కింట్లో అప్పటికే ఉసిరి ఉంటే అది ఏ రకమో అడిగి, మీరు వేరే రకం తెచ్చుకోండి. రెండిళ్ల చెట్లూ కాస్తాయి.