అమెరికా దక్షిణాది పల్లె కుటుంబం జాడ తీయడానికి ఫ్యామిలీసెర్చ్: కొన్నేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను. పందొమ్మిదో శతాబ్దంలో జార్జియా పల్లెల్లో బతికిన రైతు కుటుంబాన్ని వెతకాలంటే ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటుని మించింది నాకు కనబడలేదు. పైసా ఖర్చు లేదు, ఖాతా తెరిస్తే చాలు. అయితే ఈ మాట వంశవృక్షం కోసం అనడం లేదు. దాని వెనకాల ఉన్న కాగితాల కోసం అంటున్నాను.

నేను గుంటూరు జిల్లాలో రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి అట్లాంటా దగ్గర ఉంటుంది. అల్లుడు అక్కడివాడే, పడమటి జార్జియాలో కారల్ కౌంటీ వైపు మనిషి. వాళ్లింట్లో ముత్తాత పేరు దాకా తెలుసు. ఆపైన అడిగితే "వ్యవసాయం చేసేవాళ్లు" అంటారు, అంతే. ఊసుపోక మొదలుపెట్టిన పని, ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు.

అందరూ మొదట జనాభా లెక్కల మీద పడతారు. నేనూ అంతే. 1850కి ముందు ఇంటిపెద్ద పేరొక్కటే రాసేవాళ్లు, మిగతావాళ్లంతా వయసుల గళ్లలో అంకెలు. 1850 నుంచి బానిసలు కాని ప్రతి మనిషి పేరూ రాశారు గానీ, ఎవరు ఎవరికి ఏమవుతారో 1880 దాకా రాయలేదు. కాబట్టి 1870లో ఆ ఇంట్లో కనబడే ఆడమనిషి భార్యా, చెల్లెలా, మారుతల్లా అన్నది మనమే తేల్చుకోవాలి. వయసులు కూడా నమ్మడానికి లేదు. మా అల్లుడి ముత్తాత తండ్రికి 1850లో 22, 1860లో 30, 1870లో 45 అని ఉంది. 1890 లెక్కలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో మంటలకు కొంత, ఆర్పిన నీళ్లకు కొంత పాడయ్యాయి. మిగిలినవాటిని తర్వాత ప్రభుత్వమే నాశనం చేయించింది. దాంతో 1880కి, 1900కి మధ్య ఇరవై ఏళ్లు ఖాళీ. 1900లో మాత్రం ప్రతి తల్లినీ ఎందరు పుట్టారు, ఎందరున్నారు అని అడిగారు. ఆ ముత్తాత తండ్రి భార్య పేరుకి ఎదురుగా పదకొండు, ఏడు అని ఉంది. పోయిన నలుగురిలో ఇద్దరి పేర్లు నాకు ఇంకెక్కడా దొరకలేదు. జార్జియాలో రాష్ట్రమంతటా జనన మరణాల నమోదు 1919లో గానీ మొదలవలేదు మరి.

ఇంకో తిరకాసు కౌంటీల విభజన. 1850లో కారల్‌లో ఉన్న కుటుంబం 1860లో హారల్సన్ కౌంటీలో కనబడుతుంది. ఇల్లు మారలేదు. 1856లో కారల్, పోక్ కౌంటీల నుంచి కొంత కొంత తీసి హారల్సన్ చేశారు. జిల్లాల విభజన చూసిన మనకి ఇదేం వింత కాదు. 1870 నాటికి వాళ్లు నిజంగానే సరిహద్దు దాటి అలబామాలోని క్లీబర్న్‌కి వెళ్లారు. అదీ 1866లో పుట్టిన కొత్త కౌంటీయే. ఏ సంవత్సరం కాగితం ఏ కౌంటీ కేంద్రంలో ఉంటుందో తెలియకుండా వెతికితే కళ్ల నొప్పులే మిగులుతాయి.

నాకు అసలు దారి చూపించింది పన్ను రిజిస్టర్లు. వీటిని అక్కడ టాక్స్ డైజెస్ట్ అంటారు. ఏటా మన జమాబందీ లాంటి వ్యవహారం. కౌంటీని మిలీషియా డిస్ట్రిక్టులుగా విడగొట్టి, ఒక్కోదానికి నంబరిచ్చి, ఆ నంబరు ప్రకారం పన్ను కట్టేవాళ్ల పేర్లు రాసేవారు. 21 నిండిన మగవాడు పోల్ టాక్స్, అంటే తలపన్ను కట్టాలి. అంటే ఒక కుర్రాడి పేరు జాబితాలో మొదటిసారి వచ్చిందంటే వాడికి దాదాపు 21 నిండినట్టు. తండ్రి పేరు పోయి ఆ స్థానంలో వితంతువు పేరో ఎస్టేట్ అనో వస్తే, ఆ మధ్య ఏడాదిలో ఆయన పోయినట్టు. పుట్టిన సర్టిఫికెట్టూ, చావు సర్టిఫికెట్టూ లేని కాలంలో ఇంతకన్నా ఏం కావాలి? అన్నేళ్ల రిజిస్టర్లూ దొరకవు, నిజమే. దొరికిన వాటిని వరసగా చదివితే మాత్రం కుటుంబం కళ్లముందు కదులుతుంది.

ఒకే కౌంటీలో అదే పేరుతో ముగ్గురున్నప్పుడు భూమి నంబరు ఆదుకుంది. కారల్ ప్రాంతపు నేలను 1827లో లాటరీ వేసి పంచారు, ఒక్కో లాటు 202½ ఎకరాలు. ఆ లాట్ నంబర్లు ఈనాటి దస్తావేజుల్లో కూడా ఉన్నాయి. మనిషి పేరు మూడు రకాలుగా రాసినా లాట్ నంబరు మారదు. సర్వే నంబర్లతో జీవితం గడిపినవాణ్ణి కదా, ప్రాణం లేచొచ్చింది. ఆ లాటరీ భూమి ఎవరిదని చూస్తే 1825, 1826 ఒప్పందాలతో క్రీక్ జాతివాళ్ల దగ్గర తీసుకున్నది. మొదటి ఒప్పందం మీద సంతకం పెట్టిన క్రీక్ నాయకుడు విలియం మకింటాష్‌ని సొంతవాళ్లే కారల్‌లోని ఆయన ఇంటి దగ్గర చంపేశారు. అల్లుడు చిన్నప్పుడు పిక్నిక్‌లకి వెళ్లిన పార్కు అదేనట.

ఇక ఫ్యామిలీసెర్చ్‌లో 2024లో వచ్చిన ఫుల్ టెక్స్ట్ సెర్చ్ గురించి. చేతిరాత దస్తావేజులు, వీలునామాలు యంత్రమే చదివి, లోపల ఎక్కడ ఏ పేరున్నా చూపిస్తుంది. అంతకుముందు అమ్మినవాడు, కొన్నవాడు మాత్రమే ఇండెక్సులో ఉండేవారు. సాక్షి సంతకం పెట్టిన బావమరిది, హద్దుల్లో పక్క పొలంవాడు ఇప్పుడే బయటపడుతున్నారు. పేరుని కొటేషన్ గుర్తుల్లో పెట్టి, కౌంటీనీ సంవత్సరాలనీ కుదించి వెతకండి. పాత గొలుసుకట్టు రాతని ఏ యంత్రమైనా అక్కడక్కడా తప్పే చదువుతుంది. అసలు కాగితం స్కాన్ బొమ్మ తెరిచి కళ్లతో చూసుకోవాల్సిందే.

అలా దొరికిందే ఆ ముత్తాత తండ్రికి పిల్లనిచ్చిన మామగారి ఆస్తి జాబితా, 1850ల నాటిది. గుర్రం, రెండు ఆవులు, నాగలి, ఇనుప కుండలు, వాటి తర్వాత ఒక ఆడమనిషి పేరు, ఆమె బిడ్డ పేరు, ఎదురుగా ధర. వియ్యపురాలికి చూపించాను. "మేం పేదవాళ్లం, మాకు బానిసలు లేరనే విన్నాను" అంది. తర్వాత ఆ కాగితం ప్రింటు తీసివ్వమంది. 1850, 1860 బానిసల లెక్కల్లో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు మాత్రమే ఉంటాయి. పేర్లు దాదాపు ఉండవు. అందుకే ఇలాంటి జాబితాలు ఆ నల్లజాతి కుటుంబాల వారసులకి బంగారం. 1870 లెక్కల్లో ఆమె ఎవరై ఉంటుందోనని ఇప్పటికీ వెతుకుతున్నాను. ఇంటిపేరు తెలియదు, అదే పేరుతో చాలామంది ఉన్నారు. 1865 తర్వాతి ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో (విడుదలైన బానిసల సాయానికి పెట్టిన ప్రభుత్వ శాఖ) కాగితాలు, 1867 ఓటర్ల ప్రమాణ పుస్తకాలు ఒకటొకటిగా చూస్తున్నాను.

అంతర్యుద్ధ సైనికుల పింఛను దరఖాస్తులు కూడా చూడండి. దక్షిణాది సైనికులకి పింఛను ఇచ్చింది రాష్ట్రాలే, కాబట్టి దరఖాస్తు ముసలితనంలో ఏ రాష్ట్రంలో ఉన్నాడో అక్కడ వెతకాలి.

వంశవృక్షాల విషయంలో ఒక జాగ్రత్త. డబ్బు కట్టే ఒక సైటులో మా వాళ్ల వృక్షం రెడీమేడ్‌గా దొరికింది. తల్లి కన్నా కొడుకు రెండేళ్లు పెద్ద. అదే తప్పు డజను వృక్షాల్లోకి కాపీ అయింది. సభ్యత్వం రద్దు చేసుకున్నాను. అలాంటివి చూడాలనిపిస్తే ముందు అమెరికాలో మీవాళ్లుండే ఊళ్లో లైబ్రరీని అడగండి, డబ్బు కట్టే యాన్సెస్ట్రీ సైటుకి లైబ్రరీల కోసం చేసిన యాన్సెస్ట్రీ లైబ్రరీ ఎడిషన్ చాలాచోట్ల ఉచితంగా ఉంటుంది.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఎందుకు తగ్గించానంటే, కొన్ని బొమ్మలు ఇంట్లో తెరుచుకోవు, ఫ్యామిలీసెర్చ్ సెంటర్‌కో అనుబంధ లైబ్రరీకో వెళ్లాలి. అట్లాంటా చుట్టుపక్కల ఉండేవాళ్లయితే మోరోలో జార్జియా ఆర్కైవ్స్, పక్కనే నేషనల్ ఆర్కైవ్స్ ఉన్నాయి, ఓ రోజు పెట్టుకోండి. దొరికిన ప్రతి కాగితానికీ కౌంటీ, పుస్తకం నంబరు, పేజీ నంబరు విడిగా రాసిపెట్టుకోండి. కౌంటీ ఆఫీసుకి ఫోన్ చేస్తే వాళ్లు అడిగేది అవే.