హీటెడ్ గ్రిప్స్: మదనపల్లె దారిలో నాలుగు చలికాలాలు

తిరుపతిలో ఉండేవాడికి హీటెడ్ గ్రిప్స్ (బండి హ్యాండిల్‌కు తొడిగే, కరెంటుతో వేడెక్కే పిడులు) దేనికని చాలామంది అడిగారు. నా ఉద్యోగం మదనపల్లెలో. ప్రతి సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి బండి తీస్తే దాదాపు 120 కిలోమీటర్లు. తిరుపతి 500 అడుగుల ఎత్తున ఉంటే మదనపల్లె 2,200 పైమాటే. చంద్రగిరి దాకా హాయిగా ఉంటుంది. భాకరాపేట ఘాట్ ఎక్కగానే గాలి మారుతుంది. ధనుర్మాసంలో వాయల్పాడు చేరేసరికి వేళ్లు కొంకర్లు పోయి క్లచ్ పట్టడానికి వచ్చేది కాదు. ఒకరోజు లారీ వెనక బ్రేకు అందక గుండె జారిపోయింది. ఆ వారమే గ్రిప్స్ కొన్నాను.

అరచేతులు వెచ్చగా ఉంటాయి, అందులో సందేహం లేదు. కానీ మొదటి ఏడాది చేతి వెనకవైపు మంచుగడ్డే. గాలి తగిలేది అక్కడే కదా. 10 డిగ్రీల చలి 80 వేగంలో ఒంటికి 4 డిగ్రీల్లా తగులుతుంది. హ్యాండ్‌గార్డులు (చేతుల ముందు గాలిని ఆపే పలకలు) పెట్టించాక, మూడో నంబరులో వాడే వేడిని ఒకటికి దించాను.

ఒళ్లు చల్లబడితే శరీరం లోపలి వేడిని కాపాడుకోడానికి చేతులకు రక్తం తగ్గించేస్తుంది. ఎండాకాలానికి కొన్న, గాలి దూరే మెష్ జాకెట్‌తో వెళ్లిన రోజు గ్రిప్స్ కాలుతున్నా వేళ్లు మొద్దుబారాయి. దాని మీద మామూలు రెయిన్‌కోటు వేసుకుంటే గాలి ఆగింది, వేళ్లలో ప్రాణం వచ్చింది. అందుకే డబ్బు తక్కువుంటే ముందు గాలిని ఆపే వాటికి పెట్టండి, గ్రిప్స్ తర్వాత కొనండి. గ్లోవ్స్ అరచేతి వైపు పల్చగా ఉండాలి. లేకుంటే వేడి చేతిదాకా రాదు.

వైరింగ్ దగ్గర మాత్రం రాజీపడొద్దు. నాకు బిగించినాయన నేరుగా బ్యాటరీకి కలిపేశాడు. ఒక రాత్రి ఆపడం మర్చిపోయాను, పొద్దున సెల్ఫ్ తిరగలేదు. ఆఫీసుకు బస్సులో పోయాను. తర్వాత రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చు) పెట్టించి ఇగ్నిషన్‌కు కలిపించాను. బండి ఆపి తాళంచెవి తీస్తే అవీ ఆగిపోతాయి. ఫ్యూజు తప్పనిసరి.

ఎడమ గ్రిప్పు కుడిదాని కన్నా కాస్త చల్లగా ఉంటే పాడైందనుకోకండి. కుడిది యాక్సిలరేటర్ ప్లాస్టిక్ గొట్టం మీద ఉంటుంది. ఎడమది నేరుగా హ్యాండిల్ ఇనుము మీద కూర్చుంటుంది, వేడిని ఆ ఇనుమే లాగేస్తుంది. నేనూ మొదట్లో భయపడి దుకాణానికి తీసుకెళ్లాను. నాలుగేళ్లయినా రెండూ పనిచేస్తున్నాయి, ఎడమదాని రబ్బరు మాత్రం బొటనవేలి దగ్గర అరిగింది.